మలుపు దగ్గర రిక్షా

దానయ్య చివరి సిగ్నల్ దీపంలో కిరసనాయిలు పోసి, గుడ్డతో అద్దం తుడిచి, ఇనుప నిచ్చెన ఆగి ఆగి దిగాడు. వారం రోజులుగా జ్వరం వదలడం లేదు. కింద నిలబడి ఆయాసం తీర్చుకున్నాడు.

శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ స్టేషనుకి వచ్చి ఇరవై రెండేళ్లు. భార్య సూరమ్మ పోయి ఐదేళ్లు.

డ్యూటీ దిగి గోల్‌బజారులో బియ్యం, వంకాయలు కొన్నాడు. సంచీ భుజాన వేసుకుని అంత దూరమూ నడిచాడు. రైల్వే క్వార్టర్లు ఇంకో మలుపులో ఉన్నాయనగా పాన్ దుకాణం పక్కన ఆగి ముఖం తుడుచుకున్నాడు.

"ఆవ బాబూ, బైఠవ్," అని తన భాషలో ఎక్కమన్నాడు రిక్షా తొక్కే బుధారు. ఎక్కడికని అడగలేదు. ఎప్పుడూ ఈ మలుపు నుంచి ఆ గుమ్మం దాకానే.

సూరమ్మ ఉండగా మొదలైంది ఇది. ఒక సాయంత్రం ఇద్దరూ నెత్తిన మూటలతో వస్తుంటే, పార్సిలాఫీసు గుమస్తా రామమూర్తి సంసారం రిక్షాలో దాటిపోయింది. అరుగుల మీది ఆడవాళ్లు ఆ రిక్షాను చూసి, తర్వాత వీళ్లను చూశారు. సూరమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ తర్వాత దానయ్య చుట్ట మానేశాడు, రాత్రిపూట కూర మానేశాడు. బజారు నుంచి మలుపు దాకా నడిచినా, క్వార్టర్ల వరుసలోకి మాత్రం మళ్లీ నడిచి రాలేదు.

రిక్షా తిరగ్గానే నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పక్కింటి గ్యాంగ్‌మన్ భార్య వరహాలమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"ఒంట్లో బాగోలేదేటి అన్నయ్యా? గంజి కాసినాను, తెమ్మంటావా?"

పొద్దుటి నుంచి అతని కడుపులో ఏమీ పడలేదు. అరుగుల మీద నలుగురూ ఇటే చూస్తున్నారు.

"ఎందుకమ్మా, ఓటల్లో తినేసొచ్చినాను."

"రిక్షాల్లో తిరిగినోడివి. మా గంజి నీకేటి ఆనుతాదిలే," అని నవ్వింది.

అది కాదమ్మా అనబోయి, బుధారుకి డబ్బులిచ్చి లోపలికి నడిచాడు.

తలుపు వేసుకుని చాప మీద ఒరిగాడు. గోడ అవతల వరహాలమ్మ పిల్లల్ని అన్నానికి పిలుస్తోంది. పళ్లేల చప్పుడు విన్నాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. తట్టలేదు.

డ్యూటీకి రాలేదేమని మర్నాడు పొద్దున్న పోర్టరు వచ్చి తలుపు తోశాడు. దానయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది.

కబురు విని బుధారు వచ్చాడు. బాబు బజారు నుంచి మలుపు దాకా ఎప్పుడూ నడిచే వచ్చేవాడని వచ్చీరాని హిందీలో చెప్పాడు. వరహాలమ్మ అతని వంకే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత గుమ్మం పక్కకు చూసింది. అతను వద్దన్నా మనసొప్పక, పిలవడానికి మొహమాటపడి, రాత్రి తను పెట్టి వెళ్లిన గంజి గిన్నె అక్కడే ఉంది. పిల్లి ముట్టకుండా మూత మీద పెట్టిన రాయి కదలలేదు.