మునగనీయని చొక్కా

ఆ చొక్కా తెచ్చినవాడి పేరు హరినాథ్. అది నీళ్లను పసిగట్టే గుడ్డట. మనిషి తల మునిగితే తనంతట తానే ఉబ్బి పైకి తేలుస్తుందట. భయంలో ఎవరూ విప్పేసుకోకుండా జిప్పుకు తాళం కూడా పెట్టారు. జువ్వలదిన్నె రేవులో మా పడవెక్కి, దాన్ని నాకు తొడిగించాడు. మొదటినుంచీ వాడు నాకు గిట్టలేదు.

"ఇంక మునిగేదే ఉండదు పెద్దాయనా," అన్నాడు.

"గాలి కబుర్లతోనే తేలిపోయేట్టుండావు సారూ, చొక్కా ఎందుకు?" అన్నాడు మా బావమరిది మాల్యాద్రి.

వాడూ మా వెంట చేపల వేటకొచ్చాడు. తిరిగొస్తుంటే పడవ కింద తిరిగే ఫ్యానుకు వల చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. అలలు పడవను రేవు రాళ్లకట్ట మీదికి తోస్తున్నాయి. కత్తి పట్టుకుని దూకాను. తల మునగగానే చొక్కా ఉబ్బి నన్ను పైకి తన్నింది. మళ్లీ మునిగాను, మళ్లీ తన్నింది. రాళ్లు పది బారల దూరానికొచ్చాయి. జిప్పు రాలేదు. చొక్కాను మెడనుంచి బొడ్డుదాకా చీరేసి, కిందికెళ్లి వల కోశాను. మాల్యాద్రి ఇంజను వేశాడు.

పైకెక్కగానే హరినాథ్ మొహం మాడ్చుకున్నాడు. "ప్రాణం కాపాడేదాన్ని కోసేసినావే. రెండేళ్ల కష్టం అది."

"రాళ్లకు కొట్టుకునుంటే నువ్వూ పోయుందువు. ఈత రాదని పొద్దున నువ్వే అంటివే."

వాడు ఫోను తీసి, "ఏం మార్చాల?" అన్నాడు.

"ఎప్పుడు మునగాలో మేం చెప్పాల, గుడ్డ కాదు. లాగితే గాలి పోయే తాడొకటి పెట్టు."

రాసుకున్నాడు.

"ఈసారి నువ్వే తొడుక్కుని దూకు," అని ఆ చీలికలు వాడి ఒళ్లో పడేశాను.