అంగడి నడిపిందెవరు

ఉషశ్రీ ముందు రెండు చదువులున్నాయి. ఒకటి ఎంబీఏ, ఇంకొకటి మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్. రెండూ బెంగళూరులోనే, రెండూ వారం వారం హిందూపురానికి రైలెక్కి వచ్చిపోగలిగినవే. వినేవాళ్ళకు రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. ఎక్కడ ఒకటి! మాస్టర్స్ వాళ్ళు డిగ్రీ ఉంటే చాలన్నారు, పని తెలియకపోయినా తామే నేర్పుతామన్నారు. ఎంబీఏ వాళ్ళు మాత్రం ఇంతవరకూ ఏం పని చేశావు, ఎవరి దగ్గర చేశావు, ఆ యజమానితో మేం మాట్లాడాలి అన్నారు. ఆ ఒక్క మాట దగ్గరే ఉషశ్రీ అడకత్తెరలో పోకచెక్క అయింది.

పని చేయక కాదు. ఆమె మామ సత్యనారాయణ శెట్టిది హిందూపురంలో చింతపండు మండీ. కొడుకు, ఉషశ్రీ భర్త కృష్ణకాంత్ చేతికొచ్చాక ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడు. అంతలోనే కృష్ణకాంత్‌కు కిడ్నీలు చెడిపోయాయి. గుమాస్తా గంగాధరప్ప మార్కెట్ యార్డు నుంచి మచ్చు పొట్లాలు ఇంటికి పంపేవాడు. మంచం మీది మనిషి వాటిని నలిపి చూసి ధర చెప్పేవాడు, ఉషశ్రీ ఆయన ఫోన్‌లో మెసేజ్ కొట్టేది. కొన్నాళ్ళకు ఆయన వేళ్ళలో నలిపే బలం పోయింది. నలిపేది ఆమే, ఇది నిఖార్సయిన కరిపులి, మేలురకం, ఇది తడిసి ఆరిన సరుకు అని తేల్చేది ఆమే, వేలంలో ఎంతవరకు పాట పాడాలో చెప్పేది ఆమే. ఆరేళ్ళు అలాగే సాగింది. పేరు మాత్రం కృష్ణకాంత్‌ది. యార్డంతా ఆ మెసేజులు ఆయనవే అనుకుంది.

"నేనే చెప్తాండానని అను ఉషా. అమ్మకు మాత్రం తెలీనియ్యద్దు" అని ఒకనాడు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు. ఆమె సరేనంది. ఆయన పోయి రెండేళ్ళయినా అత్త దగ్గర ఆ మాట దాటలేదు.

అత్త సీతమ్మకు ఇప్పుడు మిగిలింది ఒకటే. ఎవరు పలకరించడానికి వచ్చినా, కొడుకు ఫోటో వైపు చూపించి, "చచ్చే ముందురోజు కూడా యాపారం చూసుకున్నాడమ్మా నా కొడుకు" అంటుంది. అన్న ప్రతిసారీ ఆ ముసలి మొహంలో కాస్త వెలుగొస్తుంది. ఆ వెలుగును ఊది ఆర్పమంటే ఎవరి వల్ల అవుతుంది చెప్పండి!

కొడుకు పోయాక మళ్ళీ మండీలో కూర్చున్న మామకు ఇప్పుడు చూపు మందగించింది. ఈ సీజనుతో మండీ మూసేస్తానన్నాడు. ఇక ఉషశ్రీ వేరే దారి వెతుక్కోక తప్పదు. పెనుకొండ చుట్టూ వచ్చిన ఫ్యాక్టరీల్లో సరుకు కొనే విభాగం అంటూ ఒకటి ఉంటుందని, అది తన పని లాంటిదేనని ఆమెకు తెలుసు. అలాంటి చోటే పనిచేస్తున్న రోజా డిగ్రీలో ఆమె జతగత్తె. ఒక ఆదివారం పెనుకొండ పోయి కలిసి, ఉన్న సంగతి చెప్పింది.

రోజాకు మొదటి నుంచీ నోరు దురుసు. "మాస్టర్స్ చేస్తే నిన్ను ట్రైనీగా తీసుకుంటారు. నిన్న మొన్న కాలేజీ ఇడిచిన పిల్లోళ్ళ పక్కన కూకుని ఓనమాలు దిద్దాల. ఎంబీఏ అయితే తిన్నగా పర్చేజ్ సీటు. నువ్వు చేసిన పని నువ్వే చేసినావని చెప్పేకి నీకేమొచ్చిందే?"

"మా అత్త బతుకుతాండేదే ఆ మాట మీద రోజా."

"మరి నువ్వు దేని మీద బతుకుతావు?"

ఉషశ్రీ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి బస్సుకు లేచింది.

ఆ సాయంత్రం ధర్మవరంలోని పుట్టింటికి ఫోన్ చేసి అడిగితే అన్న వేణుమాధవ్ ఇంకో రకంగా మాట్లాడాడు. "పోయినాయప్ప పేరు మనం తుడిచేస్తే ఎట్లమ్మా? చదువు ఏదైనా చదువే. మాస్టర్స్‌కే పో, ఎవురికీ నొప్పి ఉండదు" అన్నాడు. ఎవరికీ నొప్పి ఉండదట! కష్టం ఒకరిది, పేరు ఒకరిదీ అయిన చోట నొప్పి ఎవరికో అన్నకు తట్టలేదు. పాపం, ఆయన మంచికే చెప్పాడు.

రెండు రాత్రులు ఆలోచించి ఉషశ్రీ మాస్టర్స్‌కే తల వంచింది. కానీ అప్పటికే ఎంబీఏ వాళ్ళకు పెట్టిన దరఖాస్తులో కొనుగోళ్ళు తనే చూశానని రాసి, మామ నంబరు ఇచ్చి ఉంది. ఆ మాట అత్త చెవిన పడకూడదని ఆయనతో, "వాళ్ళు ఫోన్ చేస్తే అంగడి నీ కొడుకే చూసినాడని చెప్పు మామా" అంది.

సత్యనారాయణ శెట్టి, కొడుకు పడకను, కోడలి కష్టాన్ని రెండింటినీ కళ్ళతో చూసిన మనిషి. "మరి నీ కష్టం?" అన్నాడు.

"పోనీలే మామా."

ఆ ఫోన్ సరిగ్గా మండీలో అందరూ ఉన్నప్పుడే వచ్చింది. గోరంట్ల నుంచి ఓబుళప్ప అనే పాత ఖాతాదారు సరుకు చూస్తున్నాడు. సీతమ్మ అప్పుడే భర్తకు క్యారియరు తెచ్చి బెంచీ మీద కూర్చుంది. ఉషశ్రీ మూటల దగ్గర ఉంది. శెట్టికి చెవులు కూడా అంతంతమాత్రమే, ఎప్పటిలాగే స్పీకర్ నొక్కాడు.

"మీ మండీలో ఆరేళ్ళు కొనుగోళ్ళు చూసింది ఉషశ్రీ గారేనా అండీ?" అవతలి గొంతు మండీ అంతా వినిపించింది.

శెట్టి కోడలి వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తలూపింది. ఆయన "లేదు సార్. మా అబ్బాయే చూసుకున్నాడు. ఆయమ్మి మెసేజులు రాసిచ్చేది, అంతే" అన్నాడు.

చెప్పమన్నది తనే. అయినా ఆ "అంతే" చెవిన పడగానే ఉషశ్రీవి ఆరేళ్ళూ ఒక్క మాటలో పోయాయి. ఏడుపు వస్తే అందరూ చూస్తారని మూట విప్పి, చింతపండు ఊరికే నలుపుతూ నిలబడింది.

"ఆ ఫోను ఇట్లియ్యి" అంది సీతమ్మ.

శెట్టి ఇవ్వలేదు. ఆమే లేచి వచ్చి లాక్కుంది.

"నాయనా, నేను ఆయప్ప అమ్మను మాట్లాడతాండా. నా కొడుకు చేత్తో అన్నం ముద్ద ఎత్తుకోలేకపోయినాడు. నేనే తినిపిస్తాంటి. ఇంక ఫోను యాడ పట్టుకుంటాడు, బేరం యాడ చేస్తాడు? అంగడి నడిపింది మా కోడలు. ఈ మాట రాసుకో."

అవతలి మనిషి రాసుకున్నానన్నాడు. సీతమ్మ ఫోన్ గల్లాపెట్టె మీద పెట్టింది. ఓబుళప్ప తల దించుకున్నాడు.

"అత్తా, నీకు తెలుసా?" మూట వదిలేసి వచ్చి అడిగింది ఉషశ్రీ.

"కన్నదాన్ని నాకు తెలీకుండా ఎట్లుంటాది? ఆ మాట అంటాంటే వాడింకా ఈడనే, ఈ అంగట్లోనే ఉన్నట్టు ఉండేది నాకు. దానికోసరం నీ బతుకు తీసుకుంటానా?" అని విసురుగా అని, క్యారియరు మూత తీసింది. "రాండి, చల్లారిపోతాంది. నువ్వు కూడా తిను మ్మే."

ఉషశ్రీ ఎంబీఏలో చేరింది. బయల్దేరే ముందురోజు ఆమడగూరు నుంచి చుట్టపామె సిద్ధమ్మ వచ్చింది. ఫోటోకు దణ్ణం పెట్టి, "మంచి పిల్లోడు తల్లీ" అంటూ కళ్ళు తుడుచుకుంది.

లోపల బట్టలు సర్దుకుంటున్న ఉషశ్రీ చేతులు ఆగాయి. అత్త ఏమంటుందో ఆమెకు తెలుసు. ఎన్నిసార్లు విన్న మాట!

"చచ్చే ముందురోజు కూడా..." అని సీతమ్మ మొదలుపెట్టి ఆగింది. కొడుకు ఫోటో వైపు తిరిగింది.

"చచ్చే ముందురోజు కూడా నా చేత్తో రెండు ముద్దలు పెరుగన్నం తిన్నాడమ్మా" అంది.