గాలి వంతు

కొత్త గేరు సైకిలు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ రాజా కోతలకు అంతులేకుండా పోయింది. మద్రాసు జార్జి టౌన్‌లో వాళ్ళ నాన్నది పసుపు, ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం. అక్కడికి సరుకు కోసం వచ్చిన బేరగాళ్ళకు కూడా ముందు సైకిలు సంగతి చెప్పి, తర్వాతే ధర చెప్పేవాడు. తను పోయే సైకిలు క్లబ్బులో అయితే చెప్పనే అక్కర్లేదు. "ఈ ఆదివారం ఎన్నూరుదాకా మీరంతా నా వెనకాలే రండప్పా. గాలి సంగతి నాకొదిలేయండి" అన్నాడు.

ఆ క్లబ్బులో గాలికి వంతులుంటాయి. ఎదురుగాలి ఉన్న రోజున అందరూ ఒకరి వెనక ఒకరు బారుగా పోతారు. ముందున్న మనిషి గాలినంతా తన ఛాతీ మీద తీసుకుంటాడు. మిగతావాళ్ళు ఆ చాటున కాస్త సుళువుగా తొక్కుతారు. కొంత దూరం పోయాక ముందువాడు పక్కకు తప్పుకుని చివరికి చేరితే, రెండోవాడు ముందుకొస్తాడు. దీన్ని వాళ్ళు గాలి మోయడం అంటారు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. అయినా వంతు ఎగ్గొట్టినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు.

తొంభై నాలుగు నవంబరులో ఆ ఆదివారం గాలి మామూలుగా లేదు. రాయపురం దాటగానే ఉత్తరాన సముద్రం మీదినుంచి ఇసకతో సహా ఎదురొచ్చి మొహాన కొట్టింది. మొదటి వంతు రాజాదే. గేర్లు మార్చాడు, పళ్ళు బిగించాడు, లేచి నిలబడి తొక్కాడు. కాసేపట్లోనే తొడలు మండిపోయాయి, ఊపిరి అందలేదు. వంతు ముగించి చివరికి చేరేసరికి కళ్ళ ముందు చుక్కలు కనబడ్డాయి. అన్ని గొప్పలు చెప్పుకున్న మనిషికి ఇంకో వంతు మోసే ఓపిక లేదు, లేదని ఒప్పుకునే మనసూ లేదు.

తిరువొత్తియూరు దగ్గర మళ్ళీ అతని వంతు వచ్చింది. రాజా ముందుకు రావలసినవాడు టక్కున బ్రేకు పట్టి పక్కకు దిగిపోయాడు.

"చైను పడిపోయిందప్పా!" అని అరిచి, వంగి, నిక్షేపంగా ఉన్న చైనుకే చేతులు పూసి నల్లగా చేసుకున్నాడు.

అందరూ ఆగారు. కృష్ణస్వామి సైకిలు దిగి వచ్చాడు. ఆయన రాజా వాళ్ళ దుకాణమున్న వీధిలోనే దుకాణాల లెక్కలు చూసి రిటైరయిన మనిషి. అరవై దాటాయి. ఆయనది గేర్లూ గీర్లూ లేని పాత నల్ల సైకిలు. వంగి చైను మీద వేలు పెట్టాడు. అది బిగువుగా, ఉండవలసిన చోటే ఉంది. ఆయన రాజా మొహంలోకి ఒక్కసారి చూశాడు. రాజా చూపు తిప్పుకున్నాడు.

"ఆఁ, ఇది మళ్ళీ పడతాది" అన్నాడు కృష్ణస్వామి, అందరికీ వినబడేట్టు. "నువ్వు వెనకనే రా నాయనా. నీ వంతులు నేను చూసుకుంటా."

"మీరెందుకు మామా? నేను పోతా గదా" అన్నాడు రాజా ఈడువాడు సతీష్.

"సెరి సెరి, గాలి నాకేమన్నా కొత్తనా? నడవండి."

ఎన్నూరుదాకా ఆయన తన వంతులూ మోశాడు, రాజా వంతులూ మోశాడు. గాలికి ఆయన చొక్కా వీపు మీద బుడగలా ఉబ్బి కొట్టుకుంటుంటే, ఆ చాటున హాయిగా తొక్కుతూ రాజా సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చిపోయాడే గానీ ముందుకు మాత్రం రాలేదు.

ఎన్నూరులో టీ కొట్టు దగ్గర కృష్ణస్వామి చేతుల్లో గ్లాసు నిలవలేదు. వాళ్ళతో తొక్కుతూ వచ్చిన హేమమాలిని గ్లాసు పట్టుకుని తాగించింది. రాజా గొంతుదాకా వచ్చింది, మామా, చైను పడలేదని. తీరా నోరు తెరిచి, "ఇంకో బజ్జీ చెప్పేదా మామా?" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో రాజా అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాడు. "ఇంటిదాకా నేనే ముందు" అన్నాడు.

హేమమాలిని పకపకా నవ్వింది. "ఇప్పుడు మోసేదానికి ఏముంది రాజా? గాలే మనల్ని వెనకనించి తోస్తా ఉంటే!"

అందరూ నవ్వారు. రాజా కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కొంత దూరం పోయాక ఇక తట్టుకోలేక బ్రేకు పట్టాడు. వెనకాలే సతీష్, హేమమాలిని, మిగతావాళ్ళూ ఆగారు.

"చైను పడలేదు" అన్నాడు రాజా తల వంచుకుని. "అబద్ధం చెప్పినా."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. సతీషే గొంతు తగ్గించి అన్నాడు: "తెలుసురా. చైను పడితే పెడలు ఊరికే గిర్రున తిరిగిపోతాది. నువ్వు ఆగేదాకా తొక్కతానే ఉంటివి. వెనకున్నోళ్ళం చూడలేదా? మామే ఎవురూ నోరెత్తొద్దని సైగ చేసినాడు."

ఇంతలో, వెనకబడిపోయిన కృష్ణస్వామి నల్ల సైకిలు మెల్లగా వాళ్ళను దాటుకుంటూ వచ్చింది.

"మామా, ఒక్క నిమిషం ఆగండి, మీతో చెప్పాల" అన్నాడు రాజా.

"ఆగలేను నాయనా" అన్నాడు కృష్ణస్వామి, కోపమేమీ లేకుండా. "కాళ్ళు పట్టుకుపోయినాయి. ఈడ దిగితే మళ్ళీ ఎక్కలేను."

ఆయన అలాగే తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే సైకిలెక్కి ఆయన వెనక సాగారు. రాజా కొత్త సైకిలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడిపోయాడు.