వెనకగది రేడియేటర్

మళ్ళీ నవ్వుతోంది, వంటింట్లో, ఇల్లు వెచ్చబరచడానికి నీళ్ళు కాచే బాయిలర్ ముందు నిలబడి ఆ పక్కింటి రోలండ్ ఏమన్నాడో గాని మా ఎనిడ్ పకపకా నవ్వుతోంది, నలభై రెండేళ్ళ కాపురంలో నా మాటకి అలా ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకోబోతే ఒక్కటీ తట్టదు, ముందుగదిలో నా కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఒకే వార్త నాలుగోసారి చదువుతున్నాను, నీకు రెండు చెంచాలేగా రోలండ్, అంటోంది, వాడి చెంచాల లెక్క గుర్తుంది, నేను చక్కెర మానేసి ఏడాదైందని మాత్రం గుర్తుండదు, అదీ చుట్టాలొస్తేనే బయటికి తీసే నీలం పువ్వుల కప్పులో, థాంక్స్ బంగారం, అన్నాడు వాడు, బంగారమట, నిజమే, మా బార్న్స్‌లీ ఊళ్ళో అందరూ అందర్నీ అలాగే అంటారు, ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను, బస్సెక్కిన ప్రతి ఆడమనిషినీ బంగారం అనే పలకరించాను, అయినా వాడి నోట ఆ మాట వింటే నా కడుపు మండిపోతోంది.

మూడు వారాలుగా రోజూ మధ్యాహ్నం కుట్టుపని బుట్ట పట్టుకుని రోలండ్ ఇంటికి, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మగాడి ఇంటికి, వెళ్తోంది, అదేమిటంటే, మన వెనకగదిలో వేళ్ళు కొంకర్లు పోతున్నాయి విల్ఫ్, అక్కడైతే హాయిగా కుట్టుకోవచ్చు, అంటుంది, నాలుగింటికి బుగ్గలు ఎర్రబడి తిరిగొస్తుంది, మొన్న నిమ్మకాయ కేకు చేసి మొదటి ముక్క పక్కింటికే పట్టుకెళ్ళింది, సరే, వెనకగది వేడెక్కితే ఆ సాకు పోతుంది కదా అని నేనే రంగంలోకి దిగాను, గుడ్డా గిన్నే పట్టుకుని, బాయిలర్ వేడినీళ్ళతో ఆ గదిని వెచ్చబరిచే గోడ రేడియేటర్లో చిన్న తాళంచెవి తిప్పి, అడ్డుపడ్డ గాలి తీయబోయాను, గాలి లేదు, నీళ్ళే చిమ్మి చొక్కా తడిసింది, బాయిలర్ మీద ఒత్తిడి చూపించే ముల్లు ఒకటిన్నర దగ్గర బుద్ధిగానే ఉంది, వేడి పెంచాను, నా ముందుగది కొలిమి అయింది గాని వెనకగదికి చలనం లేదు, చివరికి ఎనిడ్, ఇక నీవల్ల కాదుగాని, ముప్ఫై అయిదేళ్ళు గ్యాసు పని చేసిన మనిషి పక్కనే ఉన్నాడు, పిలుస్తానుండు, అంది, ఎవడి నీడ ఆమె మీద పడకూడదనుకున్నానో వాడే ఇప్పుడు నా వంటింట్లో టీ తాగుతున్నాడు.

ఇదిగో, గొట్టాలు తడుముకుంటూ ఇటే వస్తున్నాడు, కాళ్ళు కాస్త జరుపు విల్ఫ్, అని నా కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రేడియేటర్ కింద నీళ్ళ వాల్వు మీది ప్లాస్టిక్ మూత లాగి, వామ్మో, ఇదెవడు ఇలా బార్లా తెరిచింది, అంటున్నాడు, బాయిలర్‌కి దగ్గరున్నదాన్ని కాస్త బిగించి ఉంచాలయ్యా, లేకపోతే వేడినీళ్ళన్నీ ఇదే తాగేసి చివరి గదికి ఏమీ మిగల్చదు, పెట్టినవాడు సరిగ్గానే పెట్టి ఉంటాడు, తర్వాత ఎవరో పానా వేశారు, ఎవరో కాదు, నేనే, న్యుమోనియా వచ్చి తగ్గిన ఏడాది ఎంతకీ చలి ఆగక ఈ చేత్తోనే పూర్తిగా తిప్పాను, తర్వాత ఆ సంగతే మర్చిపోయాను, నేనే, అన్నాను పైకి, గుమ్మంలోంచి ఎనిడ్, పోనీలే, అప్పుడు బాగా నీరసంగా ఉన్నావుగా, అంది, అక్కసుగా అంటే బాగుండేది.

అది జరిగి ఆరేళ్ళు, ఆరేళ్ళుగా ఆమె ఆ గదిలో వేళ్ళు కత్తిరించిన చేతిమేజోళ్ళు వేసుకుని, ఒళ్ళో వేడినీళ్ళ సంచి పెట్టుకుని కుట్టుకుంటోంది, ఎప్పుడో ఒకసారి, వెనకగది కొంచెం చల్లగా ఉంది విల్ఫ్, అంటే, ఇంకో స్వెట్టర్ వేసుకో, అన్నాను తలెత్తకుండా, మా నాన్న మా అమ్మతో అన్నమాటే, ఈ వీధిలో ప్రతి ఇంట్లోనూ అనే మాటే, అన్నాక ఎవరూ రెండోసారి అడగరు, ఆమె కూడా అడగలేదు, రోలండ్ పానా నా చేతికిచ్చి, నువ్వే బిగించు, మెల్లగా, అంటున్నాడు, బిగిస్తున్నాను, ఆమె పక్కింటికి వెళ్ళడం మొదలెట్టకపోతే నేనసలు ఆ బాయిలర్ కేసి చూసేవాణ్ణి కాదు, ఆరు చలికాలాలు మా ఆవిడ వణుకుతుంటే నాకు పట్టలేదు, ఆమె ఇంకొకచోట వెచ్చగా ఉండటం మాత్రం మూడు వారాలు ఓర్చుకోలేకపోయాను.