ఆరో పాలికలో గోధుమ గడ్డి

నేను ఒక పాలికను. పెళ్లిలో నవధాన్యాలు మొలిపించే మట్టి గిన్నెను. అందులోనూ ఆరోదాన్ని. పెళ్లికి ఐదు చాలు. దారిలో ఏదైనా పగిలితే పనికొస్తుందని కుమ్మరి వీర్రాజు ఒకటి ఎక్కువ చేశాడు. ఆ ఎక్కువదాన్ని నేను.

తణుకులో మంగతాయారు పెళ్లికి ఆరుగురం కలిసే వెళ్లాం. దారిలో ఏదీ పగల్లేదు. మిగతా ఐదింటిలో పుట్టమన్ను నింపి, పాలలో నానిన ధాన్యం చల్లారు. ముత్తైదువలు వంగి వంగి పాలు పోశారు. మొలక ఎంత ఏపుగా వస్తే కాపురం అంత పచ్చగా ఉంటుందట. ఆ సంబరమంతా నేను గూట్లోంచి చూశాను. పదహారో రోజున ఆ ఐదింటినీ కాలవలో వదిలేశారు. ఒకే చక్రం మీద ఒకే పూట పుట్టినవాళ్లం. వెళ్లొస్తామని చెప్పే తీరిక కూడా లేకపోయింది వాళ్లకు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరు చెప్పులు వేసుకున్నా నాకు కంగారే, తిరిగి వస్తారో రారోనని.

మంగతాయారు తల్లి నన్ను సారె సామానులో పెట్టి ఊళ్లోనే ఉన్న అత్తారింటికి పంపింది. ఇరవై రెండేళ్లు గుండీలు, పిన్నీసులు, ఊడిపోయిన జిప్పులు మోశాను. మనుషులు కొన్నింటిని పారేయరు, వాడరు. ఊరికే ఉంచుకుంటారు.

ఇంతలో కింద వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగినికి బదిలీ అయింది. ఆవిడ తన రెండు గినీ పందులను పంజరంతో సహా మంగతాయారు చేతిలో పెట్టి, "నెలలో వచ్చి తీసుకెళ్తానండి" అంది. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. పేరుకే పందులు గాని జాతికి ఎలుకలే. తోక ఉండదు, దోసిట్లో పడతాయి. బంగారు రంగుదాన్ని బూరె అన్నారు. నడుమ గుండ్రటి తెల్ల మచ్చ ఉన్నది గారె అయింది.

"ఊరంతా ఎలకలకి బోను పెడతంటే మనింట్లో పేర్లు పెట్టి ముద్దలు పెడతన్నారు. ఉయ్యాలొక్కటే తక్కువ" అనేది అత్తగారు సుబ్బాయమ్మ.

శ్రావణ మాసంలో బూరె చచ్చిపోయింది. మర్నాటి నుంచి గారె తిండి మానేసింది. క్యారెట్ పెట్టినా, కీరా పెట్టినా, బజారు కొత్తిమీర పెట్టినా మూతి తిప్పుకుని మూలకు పోయేది. పశువుల డాక్టరు దాని పొట్ట నొక్కి చూశాడు. "వీటి కడుపు ఒక్క రోజు ఆగినా ప్రమాదమేనండి. మేత నానబెట్టి సిరంజితో పట్టండి. అలా ఎన్నాళ్లో లాగలేం. దానంతటది నమలాలి. మందు కొట్టని లేత గడ్డి దొరికితే ముట్టుకుంటుందేమో చూడండి" అన్నాడు.

తణుకు చుట్టూ ఎటు చూసినా పచ్చటి చేలే. అన్నీ మందు కొట్టినవే!

"అయితే మనమే మొలిపిద్దాం" అంది మంగతాయారు. గూట్లో చేయి పెట్టి నన్ను తీసింది. గుండీలన్నీ మంచం మీద కుమ్మరించింది. నా సంబరం ఏం చెప్పను! ఇరవై రెండేళ్ల తర్వాత నా కడుపులో మన్ను పడింది.

కానీ ఆమె చేతికి పాలికంటే ఒక్కటే తెలుసు. గోధుమలు పాలలో నానబెట్టింది. చల్లాక పొద్దునా సాయంత్రం గరిటెడు పాలు పోసింది. మూడో రోజుకు నాలోంచి పులిసిన కంపు, పైన బూడిద రంగు బూజు. ఒక్క గింజ మొలకెత్తలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సుబ్బాయమ్మ గొంతు తగ్గించింది. "పాలిక బూజు పట్టడం మంచిది కాదే తాయారూ. దాచెయ్. ఎవరికీ చెప్పకు."

కరెంటు పనికి వెళ్లొచ్చిన ఆమె మొగుడు సూరిబాబు ముక్కు మూసుకున్నాడు. "పెరుగు తోడెట్టావేంటే ఇందులో?"

"పాలికలో పాలు కాక ఇంకేం పోస్తారండీ?"

"పెళ్లిలో అయితే కంటికి కనబడితే చాలు. దీన్ని తినాలే పిచ్చిదానా! నీళ్లు పొయ్" అని, నీరు దిగడానికి డ్రిల్లింగ్ మిషనుతో నా అడుగున చిల్లు పెట్టాడు. నేను పెట్టిన కేక ఎవరికీ వినిపించలేదు.

మూడు రోజులు పోయాయి. కాటా మీద గారె పూటకింత తేలిపోతోంది. మంగతాయారు దాన్ని కొంగులో చుట్టి సిరంజి పడుతూ, "ఇంకొక్క వారం ఉండవే" అని బతిమాలేది.

ఈసారి గోధుమలు మంచినీళ్లలో నానాయి. గుడ్డలో మూటగట్టి, తెల్లటి ములుకులు కనబడగానే నాలో కొత్త మన్ను నింపి, ఒత్తుగా పరిచి పళ్లెం మూసింది. ఆ చీకట్లో నా ఒంట్లో ఏదో పాకింది. వేళ్లు! వందల వేళ్లు! రెండో రోజు పళ్లెం అంగుళం పైకి లేచింది. నేను లేపలేదు, ఒట్టు. ఆ పిల్ల మొలకలే నెత్తిన పెట్టుకుని లేపాయి. పళ్లెం తీసి ఎండ చూపించగానే పసుపు రంగు లేత పచ్చయింది, లేత పచ్చ ముదురు పచ్చయింది. సూరిబాబు పని మధ్యలో మెట్లెక్కి వచ్చి చూసి పోయేవాడు. దాచెయ్యమన్న సుబ్బాయమ్మే పక్కింటి వాళ్లను కేకేసింది. "రండమ్మా, మా ఎలక్కి పాలిక మొలిచింది, చూసి పోదురు!" నాకు బొట్టు కూడా పెట్టింది.

ఆరో రోజున నన్ను పీట మీద పెట్టి, గారెను ఎదురుగా వదిలారు. ముగ్గురూ చుట్టూ చేరారు. గారె నావైపు చూసింది. తల తిప్పుకుంది.

మంగతాయారు కళ్లు నిండాయి. గడ్డి కోసి నోటికి పెడదామని కత్తెర అందుకోబోయింది.

"కొయ్యకే. ముగ్గురం గుడ్లప్పగించి చూస్తంటే తింటదా? అటు తిరగండి" అంది సుబ్బాయమ్మ.

ముగ్గురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఇక చూసేది నేనొక్కదాన్నే. గారె ఒక అడుగు వేసింది. ముక్కు ఆడించింది. ముందు కాళ్లు నా అంచు మీద పెట్టింది. ఒక గడ్డిపోచ చివర నోట్లోకి పోయింది. కొరికింది! అయ్యో, చెప్పడానికి నాకు నోరు లేదే!

కరకర చప్పుడు.

"అమ్మా, కిళ్లీ నమలొద్దే, భయపడద్ది" అన్నాడు సూరిబాబు గుసగుసగా.

"నా నోట్లో ఏవుందిరా? కిళ్లీ ఎప్పుడో ఉమ్మేశాను!"

ముగ్గురూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. అప్పటికే గారె ఆనందం పట్టలేక ఎగిరి నా నడిమధ్యకు దూకింది. నేను పీట మీద నుంచి దొర్లి మూడు ముక్కలయ్యాను. అది ఉలిక్కిపడి మంచం కిందికి పరుగెత్తింది. క్షణం ఆగి తిరిగొచ్చింది. చెల్లాచెదురైన మట్టిలోంచి గడ్డి లాక్కుని మళ్లీ మొదలుపెట్టింది.

"పాలిక పగిలిందత్తయ్యా" అంది మంగతాయారు, ఏడుస్తూ నవ్వుతూ.

"పగిలితే పగిలింది. తింటంది చూడు!"

ఇప్పుడు పాత పెయింటు బకెట్లో ఒత్తుగా గడ్డి పెంచుతున్నారు. దాని అడుగు చిల్లుల మీద మూతలుగా ఉన్నవి నా పెంకులే. నీళ్లు పోనిస్తాను, మన్నును ఆపుతాను. పైన కత్తెర పడినప్పుడల్లా గడ్డి నన్ను వదిలి వెళ్లిపోతుంది. నాకు కంగారు పుట్టదు. ఎక్కడికి వెళ్తుందో తెలుసు. నమిలే చప్పుడు ఇక్కడి దాకా వినిపిస్తుంది.