అవతలి చివరి బల్బు

నేను ఒక పాలపుంతను. వెంటనే నమ్మేయకండి, నాకే నామీద నమ్మకం లేదు. నిజానికి నేను ఒక పొడవాటి చెక్కపెట్టెను. నల్లరంగు పూసి, ఈ చివరి నుంచి ఆ చివరికి చిన్న బల్బులు బిగించారు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక సైన్సు ప్రదర్శనశాల నా నివాసం.

కాంతి మన పాలపుంతను దాటాలంటే లక్ష ఏళ్ళు పడుతుందట. నన్ను చేసిన కనకలింగం ఆ లక్ష ఏళ్ళను నాలుగు నిమిషాలకు కుదించాడు. బటన్ నొక్కి పట్టుకుంటే బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. వేలు తీస్తే అంతా ఆరిపోయి కథ మొదటికొస్తుంది. ప్రయాణికుడన్నవాడు చివరిదాకా ఉండాలని అతని ఉద్దేశం. పాపం, మనుషుల వేళ్ళ సంగతి అతనికి తెలియదు.

ఒకరు తలుపు బెల్లు కొట్టినట్టు టకటకా కొట్టేవారు. ఇంకొకరు సగం దూరం రాగానే ఫోను మోగిందని వదిలేసేవారు. మొదటి బల్బులు మాడిపోతే ఎన్నోసార్లు మార్చారు. చివరి బల్బు మాత్రం ఒక్కసారీ వెలగలేదు. అసలు దాని వెనక తీగ ఉందా? కనకలింగం బద్ధకించి ఊరికే అతికించాడేమో!

ఇదే అనుమానం దయామణికీ ఉందని నా అనుమానం. ఆవిడ అక్కడ గైడు. చేతిలోని కర్రతో ఆ చివరను చూపించి, "ఇదిగో, ఇక్కడికి చేరుతుంది. మన రాకెట్టయితే వంద కోట్ల ఏళ్ళు దాటినా చేరదు" అని ఏళ్ళ తరబడి చెప్పింది. తను మాత్రం ఒక్కసారీ చివరిదాకా నొక్కి చూడలేదు. వెలగకపోతే తన మాటంతా అబద్ధమైపోతుందని భయం. ఆ భయం నాకు తెలుసు, నాదీ అదే.

కొత్తగా వచ్చిన అధికారి కాసేపు నొక్కి, విసుగెత్తి, ఇది చివరిదాకా పోదని తేల్చేశాడు. పాత సామానులో వేసేయమన్నాడు. దయామణి సరేనని తలూపి తన కర్రను మూలన పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నన్ను తీసుకెళ్ళడానికి పాత ఇనుము కొనే మస్తాన్ వచ్చాడు. తాడు వేయబోతుంటే దయామణి అడ్డొచ్చింది. ప్లగ్గు పెట్టి, బొటనవేలితో బటన్ నొక్కి పట్టుకుంది. సగం దాటేసరికి వేలు అలిసి బటన్ మీంచి జారబోయింది. మస్తాన్ నా వైపు చెయ్యి చాచాడు. ప్లగ్గు పీకేస్తాడనుకున్నాను.

అతను తన వేలు ఆవిడ వేలి మీద పెట్టి అదిమాడు.

"మెల్లగా మీ వేలు తీసుకోండమ్మా. నేను పట్టుకుంటా. మీరు అటెళ్ళి చూడండి."

ఆవిడ ఆ చివరికి నడిచింది. ఒక్కో బల్బూ వెలుగుతూ వచ్చి, ఆఖరిది వెలిగింది. ఎన్నడూ వాడనిదేమో, అన్నిటికన్నా ప్రకాశంగా ఉంది. దయామణి కళ్ళు తుడుచుకుంది.

"చేరింది మస్తాన్. ఇక వేలు తీసెయ్."

"కాసేపు ఉండనీండమ్మా," అన్నాడు.

ఇప్పుడు అతని కొట్లో, తుప్పు పట్టిన ఫ్యాన్ల మధ్య ఉన్నాను. తీగ ఉందని తెలిసింది, హాయిగా ఉంది. రేపు నన్ను తూకం వేస్తారట. ఆ కాటా మీద మాత్రం నాకు అనుమానమే.