మిద్దె మీది సినిమాలు

మా అత్త నాగరత్నమ్మకు సినిమాలంటే పడవు. ఆ మాట ఆమే ఊరందరికీ చెప్పేది. చెప్పి, పొద్దు గూకగానే చాప చంకన పెట్టుకుని అందరికంటే ముందు మిద్దె ఎక్కేది.

అది యాభైతొమ్మిదో సంవత్సరం. కళ్యాణదుర్గంలో మా ఇంటి వెనక బయల్లో తిప్పేస్వామి అనే ఆయన టూరింగ్ టాకీసు వేశాడు. ఈదురుగాలికి వెనకవైపు డేరా గుడ్డ రెండుసార్లు చిరిగేసరికి, విసుగొచ్చి దాన్ని తీసేయించాడు. దాంతో తెర వెనకభాగం మా మిద్దె మీదికి నిక్షేపంగా కనబడేది. తెర పలచటి గుడ్డ. ముందు పడ్డ బొమ్మ వెనక్కీ వచ్చేది, కాకపోతే కుడి ఎడమలు తారుమారై. మొదటిరోజు పేర్లు పడుతుంటే అక్షరాలు తిరగబడి కనిపించాయి కాబట్టి నాకు సంగతి అర్థమైంది. అత్తకు చదువు రాదు. "ఏం రాసినారే?" అని అడిగితే "పేర్లు అత్తా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమె తీర్పులకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. "ఈ పిల్ల ఇంతసేపటి నుంచి ఏడుస్తాండాది, కాటిక చెదర్లే. ఇదీ ఒక ఏడుపేనా?" అనేది. రాజుల సినిమా వస్తే, "దేశంలో పంటలు లేవని మంత్రి మొత్తుకుంటాంటే నాట్యం పెట్టించుకుంటాండాడే, వీడేం రాజే!" అని మండిపడేది. పాటలో వాన పడినప్పుడు మాత్రం తిట్టలేదు. "ఉత్త పాటకి అంత వానా? మన చేనిమింద పడుంటే బుడ్డలన్నా అయ్యేవి" అని నిట్టూర్చింది. బుడ్డలంటే మా వైపు వేరుశనక్కాయలు. ఆడవాళ్ల పైటలు కుడి భుజం మీద కనిపించేసరికి, వీళ్లంతా గుజరాతీ సేట్ల ఆడోళ్లని తీర్మానించేసింది.

మూడో రోజు కథానాయకుడు తల్లి ముందు కూర్చుని, మాకు కనబడినంత వరకు, ఎడమచేత్తో అన్నం కలిపాడు. అత్త చాప మీంచి లేచి నిలబడింది.

"ఛీ! ఎడమచేత్తో తింటాండాడే! వీడికి చెప్పేవాళ్లు లేరా?"

 మా అమ్మాయి రుక్కుకు అప్పుడు ఆరేళ్లు. దానిదీ ఎడమచేతి వాటమే. అన్నానికి కూర్చుంటే అత్త దాని ఎడమచేతిని పాతచీర పేలికతో నడుముకు కట్టేసేది. పిల్ల కుడిచేత్తో సగం మెతుకులు పావడాలో పోసుకుని, ఆకలితోనే లేచేది. శ్రావణం లోపల మారకపోతే ఆ చేతికి వాత పెడతానని కూడా అత్త చెప్పేసింది. ఆమె ఉత్తినే బెదిరించే మనిషి కాదు. మా ఆయన శేషయ్య అంగట్లో పులి, అమ్మ ముందు నోరెత్తడు. నేను మాత్రం ఎత్తానా? ఎత్తలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

ఆ పూట, తెర వెనకనుంచి చూస్తే కుడి ఎడమగా కనబడుతుందని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మొదట భయంతో చెప్పలేదు, తరవాత కావాలనే చెప్పలేదు.

నాలుగు రోజులకో సినిమా మారేది. రాజు ఎడమచేత్తో కత్తి దూశాడు. పెళ్లికూతురి తల్లి ఎడమచేత్తో అక్షింతలు వేసింది. అత్త తిట్లు రానురాను మెత్తబడ్డాయి. తల్లిని భుజాన వేసుకుని ఊళ్లూళ్లూ తిరిగిన కొడుకును చూసి కళ్లు తుడుచుకుంటూ, "చెయ్యి ఏదైతే ఏమి, పిల్లోడు బంగారం" అంది.

మర్నాడు మధ్యాహ్నం అత్త పేలిక పట్టుకుని రుక్కు దగ్గరికి వచ్చింది. అక్కడ్నుంచి వెనక్కి తిరిగింది. ఆ పేలికతో మిరపకాయల సంచి మూతి కట్టేసి, "ఈ దినానికి తిననీలే" అని వెళ్లిపోయింది. రుక్కు మూడుసార్లు పెట్టించుకుని తింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇంకో మూడు వారాలు అలా గడిచాయి. శ్రావణం నాలుగు రోజుల్లో ఉందనగా హనుమక్క కొంప ముంచింది.

హనుమక్క మా ఇంటికి విత్తనం బుడ్డలు వలవడానికి వచ్చేది. వలిచేవాళ్లు నోట్లో వేసుకోకుండా ఉండాలంటే వాళ్ల నోళ్లు మాటల్లో ఉండాలని అత్త లెక్క. అందుకే తనే దగ్గర కూర్చుని మాటలు పెట్టేది. ఆరోజు మొదలుపెట్టింది, "నిన్నటి సినిమాలో ఆ ఎడమచేతి పిల్లోడు..." అని.

"ఎడమచెయ్యేందమ్మా?" అంది హనుమక్క. "నేను నేల టికెట్టు తీసుకుని ముందర కూకొని చూసినా. కుడిచేత్తోనే తిన్యాడు."

"నాకు కండ్లు లేవనుకున్యావా?"

"నీకుండాయి, నాకూ ఉండాయి. ఈ దినమూ అదే ఆట. నువ్వే వచ్చి చూడు."

చేట నా చేతిలోంచి జారి గింజలన్నీ నేలపాలయ్యాయి. అత్త ఆ గింజల వంక చూసి, తరవాత నా వంక చూసింది.

ఆ సాయంత్రం అత్త మొదటిసారి డేరాలోకి పోయింది, హనుమక్కను వెంటబెట్టుకుని. నేనూ రుక్కూ మిద్దె మీద కూర్చున్నాం. కథానాయకుడు కంచం ముందు కూర్చోగానే రుక్కు నా ఒళ్లోకి జరిగింది. "అమ్మా, ఈయన నా మాదిరే తింటాండాడు" అంది. తెరకు అవతల అత్త కూడా అదే కంచం చూస్తోంది.

ఆట విడవకముందే అత్త ఇంటికొచ్చేసింది. కాళ్లు కడుక్కుని, "పిల్లకి అన్నం పెట్టు" అంది. ఆ ముఖం చూసి రుక్కు ఎడమచేతిని వీపు వెనక దాచుకుని కూర్చుంది.

"నీకు ముందే తెలుసునా?" అని అడిగింది నన్ను.

"మొదటిరోజే తెలుసు అత్తా. అక్షరాలు తిరగబడి ఉండాయి."

"నెలదినాలు నన్ను ఎర్రిదాన్ని చేసి ఆడించినావు."

"బిడ్డ చెయ్యి కాలుస్తావని అత్తా." ఆ ఇంట్లో నేను ఆమెకు ఎదురు చెప్పిన మొదటి మాట అదే.

అత్త వచ్చి రుక్కు పక్కన చతికిలబడింది.

"నెలదినాలు వాళ్లంతా ఎడమచేతోళ్లే అనుకుంటి," అంది. "అట్లనుకునే వాళ్లకోసం ఏడిస్తి. ఎవురెవురి కొడుకులకో ఏడిస్తినే ఈశ్వరీ. ఇది నా మనవరాలు."

రుక్కు వీపు వెనక దాచుకున్న చేతిని అత్త ఇవతలికి లాగింది. తన కొంగుతో తుడిచి, అన్నం కలిపి, ఆ అరచేతిలో ముద్ద పెట్టింది.

మర్నాడు పొద్దు గూకగానే మళ్లీ చాప తీసింది. "ముందర కూకుంటే అందరి తలకాయలే అడ్డం. మన మిద్దె మీద నుంచే బాగుండాది" అంది. కొత్త సినిమా. రాజు వచ్చాడు, కత్తి దూశాడు. రుక్కు అవ్వ ఒళ్లో కూర్చుని చెయ్యి చాపింది.

"అవ్వా, రాజుది కూడా నా చెయ్యే!"

"అవునే తల్లీ, నీ చెయ్యే" అంది అత్త. నా వైపు మాత్రం చూడలేదు.